కోతి చేతిలో తక్కెడ

బొంబాయి హైకోర్టు వరండాలో ఒక స్తంభం తలమీద రాతి కోతి ఉంది. ఒంటికన్నుది. చేతిలో తక్కెడ. అదే కట్టడంలో ఇంకోచోట ఒక నక్క ఉంది, దాని మెడకు వకీళ్ళు కట్టుకునే బ్యాండు. ఈ రెంటి గురించి నా ఇరవై నాలుగో ఏట నేనొక కథ చెప్పాను. ఆ కథ విన్నందుకు మా చిన్నాయన 38,000 రూపాయలు పోగొట్టుకున్నాడు. నేను కావాలని చేసింది కాదు. కానీ చేసింది మాత్రం నేనే.

అప్పట్లో నేను ఫోర్టులో ఒక వకీలు దగ్గర గుమస్తాను. పొద్దున బోర్డు చూసుకోవడం, ఫైళ్ళు చంకన పెట్టుకుని మెట్లెక్కడం, సర్టిఫైడ్ కాపీల కోసం కిటికీల దగ్గర నిలబడటం, సాయంత్రం వకీలుగారి సంచీ మోసుకుంటూ చాంబరుకు రావడం. రోజూ అవే వరండాలు. మా తాతల కాలంలో కరీంనగర్ వైపు నుంచి పని వెతుక్కుంటూ బొంబాయి చేరిన కుటుంబం మాది. నిజాం రాజ్యం నుంచి వచ్చి ఈ ఊరి కట్టడాలకు రాళ్ళూ సున్నమూ మోసిన కమాటీల పేరుమీదే కామాటిపురా వెలిసింది. అంటే ఈ ఊరి గోడలతో మనవాళ్ళకు చుట్టరికం ఉంది. ఆ చుట్టరికాన్ని నేను చాలా ధీమాగా వాడుకునేవాణ్ణి. ఊరి నుంచి ఎవరొచ్చినా "కోర్టు చూపిస్తా రండి" అని తీసుకెళ్ళేవాణ్ణి.

కోర్టులో అందరూ చెప్పుకునే కథ చిన్నది. కట్టడం పని జరుగుతుండగా ఒక పార్సీ సబ్‌కాంట్రాక్టరుకూ తెల్ల కాంట్రాక్టరుకూ డబ్బు దగ్గర తగాదా వచ్చిందట. పార్సీ దావా వేసి ఓడిపోయాడట. ఆ మంటతో న్యాయమూర్తిని ఒంటికన్ను కోతిగా, వకీలును నక్కగా చెక్కించాడట. అంతే. గుమస్తాలు చాయ్ తాగుతూ రెండు వాక్యాల్లో చెప్పేస్తారు, నవ్వుకుంటారు, మళ్ళీ పనిలో పడతారు.

ఆ రెండు వాక్యాలు నాకు చాల్లేదు. కథ చెప్పేవాడికి ఎదుటివాడి కళ్ళు పెద్దవి కావడం ఒక మత్తు. మొదటిసారి ఉన్నదున్నట్టే చెప్పాను. రెండోసారికి ఆ పార్సీ పెద్దమనిషిని కోర్టు మెట్లమీద కూర్చోబెట్టి ఏడిపించాను. మూడోసారికి రాత్రిపూట లాంతరు పట్టుకొచ్చి తన చేత్తోనే ఉలి పట్టాడన్నాను. ఏడాది తిరిగేసరికి ఆ తీర్పు చెప్పిన జడ్జిగారు రోజూ ఆ కోతి కిందుగానే నడిచివెళ్ళేవాడనీ, చచ్చేదాకా తలెత్తి చూడలేదనీ కూడా చేర్చాను. ఇవన్నీ కోర్టులో ఎవరూ చెప్పినవి కావు. నా నోట పుట్టినవి.

మీరు ఇలాంటి పని చేయలేదని అనకండి. చుట్టాలను చార్మినార్ దగ్గరికి తీసుకెళ్ళి గోల్కొండ దాకా ఉన్న సొరంగం సంగతి చెప్పకుండా వెనక్కి తెచ్చిన హైదరాబాదీని నేనింకా చూడలేదు. లేపాక్షి వెళ్ళి విరూపణ్ణ తన కళ్ళు తానే పీకి గోడకు విసిరాడంటూ ఆ ఎర్రమచ్చలు చూపించినప్పుడు, చూపించేవాడి గొంతు ఎలా మారుతుందో గమనించండి. తానే పక్కన నిలబడి చూసినట్టు చెబుతాడు. నా గొంతు కూడా అలాగే ఉండేది.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. ఆ కల్పన నిలబడటానికి నిజాలను కర్రల్లా పాతాను. కట్టడం పని 1871 ఏప్రిల్‌లో మొదలైంది, 1878 నవంబరులో పూర్తయింది, కర్నల్ ఫుల్లర్ అనే ఇంజనీరు గీసిన నమూనా, 1879 జనవరిలో ఇక్కడ మొదటిసారి కోర్టు కూర్చుంది. ఇవన్నీ నిజాలే. 1908లో తిలక్‌కు ఆరేళ్ళ ప్రవాస శిక్ష వేసిన 46వ నంబరు గదిని కూడా చూపించేవాణ్ణి. అదీ నిజమే. ఇన్ని తేదీలు గడగడా చెప్పే కుర్రాడు మధ్యలో ఒక కల్ల ఆడతాడని ఎవరనుకుంటారు? తిలక్ గదికి పది నిమిషాలు, కోతికి అరగంట. వచ్చినవాళ్ళు ఊరికి వెళ్ళి చెప్పుకునేది కోతి సంగతే.

ఇక చిన్నాయన విషయం.

మా నాన్నకు తమ్ముడు. రాయి పని. నేలకు, మెట్లకు రాయి పరచడంలో ఆయన చేతి గురించి పరేల్ నుంచి వర్లీ దాకా మేస్త్రీలు చెప్పుకునేవారు. 1982లో ఒక కాంట్రాక్టరు కింద ఐదంతస్తుల మేడలో మెట్ల పని తీసుకున్నాడు. కింద ఆరుగురు మనుషులు. పని అయిపోయింది, మేడలోకి జనం కూడా దిగారు, 38,000 రూపాయలు రాలేదు. ఆరుగురికి మజూరీ మా చిన్నమ్మ గాజులు అమ్మి ఇచ్చారు. తర్వాత దావా వేశాడు. కాగితం మీద ఒప్పందం లేదు. ఉన్నదల్లా ఆయన చిట్టా పుస్తకం ఒకటి. జేబులో పట్టేంత, చెమటకు అంచులు వంకర్లు తిరిగింది. అందులో ఏ రోజు ఎన్ని మెట్లు, ఎంతమంది పని, అంతా తెలుగులో రాసుకున్నాడు. ఆరుచోట్ల కాంట్రాక్టరు మనిషి ఇంగ్లీషులో సంతకం పెట్టాడు. కింది కోర్టులో ఆ పుస్తకాన్ని పట్టించుకోలేదు. 1984లో దావా కొట్టేశారు.

తీర్పు కాగితాలు పాత తువ్వాల్లో చుట్టుకుని చిన్నాయన నా దగ్గరికి వచ్చాడు. మా వకీలుగారు ముందురోజే చూసి ఉన్నారు. "ఆ ఆరు సంతకాలు బలమైన పాయింటు. అప్పీలు వేద్దాం. రేపు మీ బాబాయిని తీసుకురా, వకాలత్నామా మీద సంతకం చేయిద్దాం" అన్నారు. తీసుకొచ్చాను. ఆ రోజు వకీలుగారు ఒక గదిలో వాదనలో ఇరుక్కుపోయారు. బయటికి రావడానికి గంటైనా పడుతుంది. చిన్నాయనా నేనూ ఓవల్ మైదానం అంచున చెట్టు కింద చాయ్ తాగుతూ కూర్చున్నాం. ఎదురుగా కోర్టు, నల్లరాతి గోడలు, రెండు బురుజులు, మధ్యలో గోపురం.

ఆ గంటలో ఆయనకు నేను చెప్పవలసిన సంగతులు చాలా ఉన్నాయి. అప్పీలంటే ఏమిటి, ఎంత ఖర్చు, ఎన్నాళ్ళు పడుతుంది, కోర్టు ఫీజు సంగతేమిటి, గడువెంత. నా ఉద్యోగమే అది. ఆయన అడిగాడు కూడా. "ఏందిరా కొడుకా, గీ కోర్టుల మనసుంటోళ్ళకు న్యాయం దొరుకుతదా?"

నేను నవ్వి, కోతి కథ ఎత్తుకున్నాను.

ఎందుకు ఎత్తుకున్నానో ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే ఒకటే తోస్తుంది. ఆయన అడిగింది కష్టమైన ప్రశ్న. నా దగ్గర తయారుగా ఉన్నది కథ. పైగా ఆయనది కూడా రాయి పనే, కాంట్రాక్టరు తగాదానే, ఓడిన దావానే. ఇంత బాగా అతికే శ్రోత నాకు ముందెన్నడూ దొరకలేదు. ఆ రోజు ఎప్పటికన్నా బాగా చెప్పాను. మెట్లమీద పార్సీ ఏడుపు, లాంతరు, జడ్జిగారు తలెత్తకపోవడం, ఒక్కటీ వదల్లేదు. "చూశావా చిన్నాయనా, ఇంత పెద్ద మేడ కట్టినవాడికే ఈ మేడలో న్యాయం దొరకలేదు. ఉలి పట్టుకుని కసి తీర్చుకున్నాడు" అని ముగించాను.

చిన్నాయన కోర్టు వైపు చాలాసేపు చూశాడు. గ్లాసు కింద పెట్టాడు. తువ్వాల్లో కాగితాలు మళ్ళీ చుట్టి ముడి వేశాడు. రెండు ముళ్ళు వేశాడు, అది నాకు గుర్తుంది.

"ఆయన ఇంక గంటదాక రాడు గద. రేపొస్తలే కొడుకా" అన్నాడు.

నేను సరేనన్నాను. ఆయన చర్చ్‌గేటు వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. కథ బాగా కుదిరిందని సంతోషపడుతూ నేను పైకి వెళ్ళాను.

మర్నాడు రాలేదు. ఆ వారమూ రాలేదు. ఎక్కడో పని దొరికి ఉంటుందనుకున్నాను. వకీలుగారు ఒకసారి అడిగారు, "వస్తాడండీ" అన్నాను. రెండోసారి అడగలేదు. ఆయనకు వందమంది కక్షిదారులు. వెళ్ళి ఒకసారి కదిలించి రావలసింది నేను. ఆయన ఉండే వర్లీ ఎంత దూరం? బస్సెక్కితే ముప్పావుగంట. వెళ్ళలేదు. కింది కోర్టు డిక్రీ మీద హైకోర్టుకు అప్పీలు చేసుకోవడానికి గడువు 90 రోజులు. తీర్పు నకలు తీసుకోవడానికి పట్టిన రోజులు అందులోంచి తీసేస్తారు. అంతకన్నా ఆలస్యమైతే తగిన కారణం చూపించి కోర్టును ఒప్పించుకోవాలి. ఈ లెక్క నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. వేరేవాళ్ళ ఫైళ్ళ మీద ఆ తేదీలు ఎర్రసిరాతో నేనే రాసేవాణ్ణి. మా చిన్నాయన తేదీ ఎక్కడా రాసుకోలేదు. ఆయన ఫైలే తెరవలేదు గనక.

రెండేళ్ళ తర్వాత మా మేనత్త కూతురి పెళ్ళి. పంక్తిలో చిన్నమ్మ వడ్డిస్తోంది. నా విస్తరి దగ్గరికి వచ్చి వంగింది. చేతికి ఎర్రగాజులు తప్ప ఏమీ లేవు. ఏదో ఒకటి మాట్లాడాలని, "చిన్నాయన అప్పీలు వేయకుండా ఊరుకున్నాడేం చిన్నమ్మా? వేసి ఉంటే గట్టి పాయింటుండె" అన్నాను.

ఆమె గరిటె అలాగే పట్టుకుని నా మొహంలోకి చూసింది. కోపం లేదు. ఆశ్చర్యంగా చూసింది.

"నువ్వే జెప్పినవట గద బిడ్డా. ఆ కోర్టుల కోతి కూసున్నదని. కట్టినోనికే న్యాయం కాలేదట, మనకేడ అయితదని, అచ్చిన నాడే కాయితాలు పెట్టెల బెట్టిండు."

తర్వాతి విస్తరి దగ్గరికి వెళ్ళిపోయింది. నా ముందు అన్నం, పప్పు, దోసకాయ పచ్చడి. చుట్టూ పెళ్ళి సందడి. ఎవరో పెరుగు అడుగుతున్నారు. నేను ఆ పప్పన్నం కలుపుతూనే ఉన్నాను, నోట్లో పెట్టుకోలేదు. అప్పటిదాకా నా కథ విన్నవాళ్ళు ఏం చేసేవారు? నవ్వేవారు, ఊరికి వెళ్ళి ఇంకొకరికి చెప్పేవారు. ఒక మనిషి దాన్ని నమ్మి, దాని ప్రకారం నడుచుకుంటాడని నాకు ఎన్నడూ తట్టలేదు. నేను చెప్పేది నిజమని అందరూ నమ్మాలని అంత తాపత్రయపడ్డాను. నమ్మితే ఏమవుతుందో ఒక్క నిమిషం ఆలోచించలేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చి ఇంకో సంగతి గమనించాను. కోతి తక్కెడ ఏ చేత్తో పట్టుకుందో గుర్తు తెచ్చుకోబోతే గుర్తు రాలేదు. ఆరేళ్ళుగా దాని కింద తిరుగుతున్నాను. యాభైమందికి చూపించి ఉంటాను. వేలు పైకి చూపించేవాణ్ణి, చూపు మాత్రం ఎదుటివాడి మొహం మీద ఉండేది.

తర్వాత తీరిక దొరికినప్పుడల్లా టౌన్ హాల్లో ఏషియాటిక్ సొసైటీ గ్రంథాలయానికి వెళ్ళి పాత పుస్తకాలు చదవడం మొదలుపెట్టాను. ప్రాయశ్చిత్తం అనను, మనసు ఊరుకోక వెళ్ళేవాణ్ణి. ఆ కట్టడానికి మంజూరైన అంచనా 16,47,196 రూపాయలు. తేలిన ఖర్చు 16,44,528. అంటే 2,668 రూపాయలు మిగిల్చారు. ఏడున్నరేళ్ళు నడిచిన సర్కారు పని, అంచనాకు లోపలే ముగిసింది. ఈ ఒక్క అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పైసా పైసా చూసుకున్న పనిలో, అంతమంది ఇంజనీర్ల కళ్ళముందు, ఒక మనిషి రాత్రి లాంతరుతో వచ్చి గుట్టుగా స్తంభం తల చెక్కిపోవడం ఎలా కుదురుతుంది? ఈ ప్రశ్న నేను లాంతరు పుట్టించిన నాడే నాకు రావలసింది.

ఇంకొకటి తెలిసింది. ఆ కాలంలో గోథిక్ పద్ధతిలో కట్టే మేడల స్తంభాల మీద జంతువులతో చమత్కారాలు చేయడం ఒక ముచ్చట. యూరప్‌లో ఆ ముచ్చట మరీ పాతది. మధ్యయుగాల చర్చీల చెక్కబల్లల కింద నక్క గురువు వేషం కట్టి బాతులకు ధర్మబోధ చేస్తుంటుంది. 1860 ప్రాంతంలో డబ్లిన్‌లో కట్టిన కిల్డేర్ స్ట్రీట్ క్లబ్బు స్తంభాల కింద కోతులు బిలియర్డ్స్ ఆడుతుంటాయి. ఆక్స్‌ఫర్డ్‌లో విశ్వవిద్యాలయ మ్యూజియం కడుతున్నప్పుడు జేమ్స్ ఓషే అనే ఐరిష్ శిల్పి కోతులను చెక్కితే పెద్దలు వద్దన్నారనీ, ఆ ఉక్రోషంతో వాకిట్లో ఆ పెద్దలనే చిలకలుగా, గుడ్లగూబలుగా చెక్కాడనీ, తలలు కొట్టేయమన్నారనీ చెబుతారు. అదీ చెప్పుకునే కథే, అందుకే కథ అని చెప్పే చెబుతున్నాను. మన బొంబాయిలోనే, హైకోర్టు పూర్తయిన పదేళ్ళకు లేచిన విక్టోరియా టెర్మినస్ గోడల మీద నెమళ్ళూ కోతులూ ఎన్ని లేవు? అక్కడ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ విద్యార్థుల చెయ్యి కూడా పడింది. అక్కడ ఎవరూ ఏ దావా ఓడిపోలేదు.

ఇవన్నీ తెలిశాక వెంటనే చిన్నాయన దగ్గరికి వెళ్ళి చెప్పి ఉంటే కొంతైనా మనిషిననిపించుకునేవాణ్ణి. వెళ్ళలేదు. పండగలకు కలిసేవాళ్ళం. మాట కోర్టు దాకా వస్తుందేమోనని నేను ముందే పిల్లల చదువుల్లోకి మళ్ళించేవాణ్ణి. ఇరవై ఏళ్ళు అలా గడిపాను. తప్పు చేయడానికి నాకు గంట పట్టింది. దాన్ని ఒప్పుకోవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. ఈ రెండోది నాకు ఎక్కువ సిగ్గు.

చివరికి కదిలించింది ఆయనే. 2006లో. అప్పటికి నేను గుమస్తా పని మానేసి నోటరీ కాగితాల పని చేసుకుంటున్నాను. చిన్నాయనకు డెబ్భైకి దగ్గర. ఉలి పట్టడం మానేసి చాలా ఏళ్ళయింది. మనవడి సర్టిఫికెట్ మీద ముద్ర కోసం ఫోర్టుకు వచ్చి, పనయ్యాక అన్నాడు, "ఆ కోతిని చూపియ్యరా ఒకపారి. నేను జూడనే లేదు."

అవును. ఆయన చూడలేదు. ఆ రోజు చెట్టు కింద చాయ్ దగ్గరే కథంతా అయిపోయింది. లోపలికి తీసుకెళ్ళనే లేదు.

పాసు రాయించి తీసుకెళ్ళాను. మెట్లు ఎక్కేటప్పుడు ఆయన కోర్టు చూడటం లేదు, మెట్లనే చూస్తున్నాడు. అంచు దగ్గర ఆగి చెప్పు కాలితో అరుగుదల తడిమాడు. వరండాలోకి వచ్చాం. "అదిగో" అన్నాను. ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. తల వెనక్కి వాల్చి చూశాడు. పక్కకు జరిగి చూశాడు. వెలుతురు వచ్చే వైపుకు వెళ్ళి మళ్ళీ చూశాడు. నల్లకోట్లు మమ్మల్ని తప్పుకుంటూ పోతున్నాయి. నేనూ చూశాను. నిజం చెబుతున్నాను, అదే మొదటిసారి చూడటం.

"మెత్తటి రాయి" అన్నాడు చాలాసేపటికి. "గోడలది నల్లరాయి, గట్టిది. గిది గాదు. గిది పోరుబందరు రాయి అసుంటిది. ఉలికి మాట ఇంటది. ఆ ఆకు ఎనకాల జూడు, ఉలి లోపలికంట పోయింది. కింద నిలబడ్డోనికి ఆ ఎనక భాగం కనవడదు. కనవడని కాడ గూడ నున్నగ జేసిండు."

నేను ఏమీ అనలేదు.

"కోపం మీదున్నోడు గట్ల జెయ్యడు కొడుకా. కోపం మీదుంటే నేను గూడ చేసిన. దెబ్బ తెలుస్తది, ఆడ రాయి పెట్లిపోతది. గిది నిదానంగ జేసిన పని. దొంగతనంగ జేసింది గూడ గాదు. పరంజ గట్టుకోని, పొద్దటి వెలుతురుల జేసిండ్రు. కింద ముకద్దం జూసిండు, పైన దొర జూసిండు. చూసి నవ్వి ఉంటరు గని." ఆయన కూడా చిన్నగా నవ్వాడు. "మన గుళ్ళల్ల ఉండయా, ఆడోళ్ళ కొంగు గుంజే కోతులు? రాయి పనోడు ఎక్కడున్నా గంతే. చెయ్యి తిరిగితే ఆడుకుంటడు."

గెజెటీర్లు తిరగేసి నేను తెలుసుకున్నదంతా ఆయన కింద నిలబడి పది నిమిషాల్లో చెప్పేశాడు. నేను చదివింది ఆ కథ నిలవదని. ఆయన చూసింది, ఆ కోతిని చెక్కినవాడు ఆ గంటలో ఎలా ఉన్నాడో. ఎవరో ఒక పనివాడు. పేరు ఏ పుస్తకంలోనూ లేదు. తన పని తనకు నచ్చి, కనబడని చోట కూడా ఉలి నున్నగా నడిపినవాడు. ఆ పనివాణ్ణి నేను ఇన్నేళ్ళూ ఓడిపోయి ఏడ్చినవాడిగా ఊరంతా తిప్పాను.

అప్పుడు చెప్పాను. అక్కడే, ఆ వరండాలో. లాంతరు నేను పుట్టించిందే, మెట్లమీద ఏడుపు నేను కల్పించిందే, ఆ రోజు నువ్వు నన్ను న్యాయం గురించి అడిగితే నేను కథ చెప్పాను చిన్నాయనా, అని. గొంతు కొంచెం తడబడింది. ఆయన కోతి మీంచి చూపు తిప్పలేదు.

"తెలుసు" అన్నాడు. "కథలెక్కనే ఉండె. కని నువ్వు కోర్టుల పనిజేసేటోనివి గద. నీకు తెల్వకుంట జెప్తవా అనుకున్న."

కాసేపాగి అడిగాడు, "అప్పుడు ఎన్ని దినాల లోపట ఎయ్యాల్నుండె ఆ అప్పీలు?"

"తొంభై రోజులు."

"నాకు జెప్పినవా అప్పుడు?"

ఇన్నేళ్ళుగా కథ చెప్పడమే నా తప్పనుకుంటూ వచ్చాను. ఆ ప్రశ్న వినేదాకా అసలు తప్పు నా కంటపడలేదు. ఒక గంట మాట్లాడాను. 1871 చెప్పాను, 1878 చెప్పాను, కర్నల్ పేరు చెప్పాను. ఆయనకు పనికొచ్చే అంకె నా దగ్గర ఒకే ఒక్కటి ఉంది, 90. అది చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన ఆ సాయంత్రం నిరాశపడి ఇంటికి వెళ్ళినా, పెట్టెలో పెట్టిన కాగితాలు నెల తర్వాతైనా మళ్ళీ తీసి ఉండేవాడేమో. గడువున్నదని తెలిసినవాడికి మనసు మార్చుకునే వీలుంటుంది. తెలియనివాడికి ఆ వీలు లేదు. ఆయన మనసు మార్చుకునే వీల్లేకుండా చేసింది పార్సీ కాదు, కోతి కాదు, జడ్జి కాదు.

"చెప్పలేదు" అన్నాను.

ఆయన తల ఊపాడు. నన్నేమీ అనలేదు. ఆ ఆరు సంతకాల చిట్టా పుస్తకం ఇంకా పెట్టెలోనే ఉందనీ, మనవడు దాన్ని తిరగేస్తూ తన రాత చూసి నవ్వుతాడనీ చెప్పాడు.

2018లో ఓవల్ మైదానం చుట్టూ ఉన్న కట్టడాలన్నిటినీ కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, అందులో ఈ కోర్టూ ఉంది. చూసేవాళ్ళు పెరిగారు. ఇప్పుడు కోతి సంగతి నన్నెవరైనా అడిగితే, జనం ఇలా చెప్పుకుంటారని రెండు వాక్యాల్లో చెప్పి, పక్కకు జరిగి ఆకు వెనకభాగం చూడమంటాను. కొందరికి అది అంత నచ్చదు. కథ కోసం వచ్చినవాళ్ళు వాళ్ళు. ఇంకాస్త చెప్పమన్నట్టు నా మొహంలోకి చూస్తారు, ఆ చూపు నాకు బాగా తెలుసు.

చిన్నాయనకు కోతిని చూపించిన ఆ రోజు మేం దిగి వచ్చేసరికి కోర్టు లేచిపోయే వేళయింది. గేటు దాటాక చిన్నాయన ఆగి, వెనక్కి తిరిగి పైకి చూశాడు.

"నక్కను సరిగ్గ జూడలేదురా. మెడల గుడ్డ మడత ఎట్ల దీసిండో. రేపొస్త" అన్నాడు.

మర్నాడు పదిన్నరకు నేను వెళ్ళేసరికి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. కళ్ళజోడు అప్పటికే తుడిచి పెట్టుకున్నాడు.